వెండితెర పిస్తోలు - వాస్తవ పిస్తోలు

1903వ సంవత్సరమున అమెరికాలో ఎడ్విన్ ఎస్. పోర్టర్ అను దర్శకుడు "ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ" అను చలనచిత్రమును తయారుచేసెను. మాటలు లేని ఆ చిత్రము నిడివి సుమారు 12 నిమిషములు. అందులో ఒక దృశ్యమున దొంగల నాయకుడు తెరపై పెద్దగా కనిపించి, తన రివాల్వరును సూటిగా ప్రేక్షకులవైపు త్రిప్పి పేల్చును. ఆ దృశ్యమునకు కథతో సంబంధము లేదు. దానిని మొదట చూపినను సరే, చివర చూపినను సరే అని ప్రదర్శకులకు స్వేచ్ఛ ఇచ్చిరి. సినిమాకును పిస్తోలుకును గల స్నేహము అంత పాతది.

మన దేశములో లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుట నేరము. కనుక మనలో పెక్కుమంది పిస్తోలును చూచినది పోలీసు అధికారి నడుమున మాత్రమే. అది ఎట్లు పేలునో, పేలిన తరువాత ఏమి జరుగునో మనకు నేర్పిన గురువు సినిమాయే. ఆ గురువు చెప్పిన పాఠములో నిజమెంత, కల్పన యెంత? ఉన్నత పాఠశాలలో చదువు భౌతికశాస్త్రముతోనే ఈ ప్రశ్నకు చాలవరకు జవాబు చెప్పవచ్చును.

తూటా వేరు, గుండు వేరు

మొదట రెండు మాటలకు గల భేదమును తెలిసికొనవలెను. తూటా అనునది ఒక చిన్న ఇత్తడి గొట్టము. దాని ముందు కొనయందు గుండు బిగింపబడి యుండును. లోపల మందు ఉండును. అడుగున ఒక చిన్న గిన్నెలో దెబ్బకు అంటుకొను రసాయనము ఉండును. మీట నొక్కగానే ఉక్కు మొన ఒకటి ఆ గిన్నెను కొట్టును. రసాయనము అంటుకొని మందును మండించును. మందు కాలి వేడి వాయువుగా మారును. వ్యాకోచించుటకు వేరు దారిలేక ఆ వాయువు గుండును గొట్టము వెంట ముందునకు త్రోయును. గుండు పిస్తోలు గొట్టమును దాటుటకు పట్టు కాలము సెకనులో వెయ్యవవంతునకు లోపే.

గొట్టము లోపలి గోడపై మరమేకు చుట్లవలె మెలికలు తిరిగిన గాళ్ళు ఉండును. ఇవి గుండును బొంగరమువలె త్రిప్పును. తిరుగుచున్నంతసేపు బొంగరము పడిపోదు. అట్లే తిరుగుచున్న గుండు కూడ తలక్రిందులు కాక, మొన ముందుగా సాగిపోవును.

చేతి తుపాకులు ముఖ్యముగా రెండు రకములు. రివాల్వరులో తూటాలు తిరుగుడు దిమ్మె ఒకదానిలో గుండ్రముగా అమర్చియుండును. అమెరికాలో శామ్యూల్ కోల్ట్ దీనికి 1836లో పేటెంటు పొందెను. సాధారణముగా దిమ్మెలో ఐదు లేక ఆరు గదులుండును. రెండవది స్వయముగా తూటా నింపుకొను పిస్తోలు. దీని పిడిలో మాగజైను అను తూటాల పెట్టె ఇమిడియుండును. అమెరికా సైన్యము 1911లో స్వీకరించిన పిస్తోలు మాగజైనులో 7 తూటాలు పట్టును. ఆస్ట్రియా సైన్యము 1980 తరువాత తీసికొనిన గ్లాక్ పిస్తోలులో 17 పట్టును.

తెరమీద నాయకుడు ఆరు గదుల రివాల్వరుతో ఇరువది మారులు పేల్చుట మనము చూచియే యుందుము. ఈ విషయమున నిజమునకు గౌరవమిచ్చిన చిత్రములు కూడ లేకపోలేదు. 1971లో వచ్చిన "డర్టీ హారీ"లో తాను పేల్చినవి ఐదా, ఆరా అని పోలీసు అధికారి దొంగను ప్రశ్నించు దృశ్యము ప్రసిద్ధమైనది. రివాల్వరులో ఆరు గదులే యుండుననెడి సత్యమే ఆ దృశ్యమునకు బలము. నిజము చెప్పినచో కథ చప్పబడునను వాదమునకు ఇది మంచి సమాధానము.

ఇంకొక అలవాటు చూడుడు. బెదిరింపవలసి వచ్చినపుడెల్ల తెరమీది పాత్ర పిస్తోలు పైభాగమును "కరకర" మనిపించుచు వెనుకకు లాగుచుండును. గొట్టము వెనుక గదిలో ముందే తూటా ఉన్నచో, ఇట్లు లాగినపుడెల్ల పేలని తూటా ఒకటి బయటకు వచ్చి నేలపై పడవలెను. తెరపై అది పడదు. మరి ఇంతవరకు ఆ గదిలో తూటా లేదనుకొందమా? అట్లయిన అతడు ఒట్టి పిస్తోలుతోనే బెదిరించుచుండెనన్నమాట!

దెబ్బ తగిలినవాడు ఎగిరిపడునా?

నాయకుడు పేల్చగానే ప్రతినాయకుడు రెండు గజములు వెనుకకు ఎగిరి, అద్దములు పగులగొట్టుకొని పడును. ఇది జరుగుటకు వీలున్నదా? లెక్క వేసి చూతము.

9 మిల్లీమీటర్ల పిస్తోలు గుండు ద్రవ్యరాశి సుమారు 8 గ్రాములు. వేగము సెకనుకు సుమారు 360 మీటర్లు. ద్రవ్యరాశిని వేగముతో హెచ్చించినచో వచ్చునది ద్రవ్యవేగము.

0.008 × 360 = 2.88

ఈ గుండు 60 కిలోగ్రాముల మనిషికి తగిలి శరీరములోనే నిలిచిపోయినదనుకొందము. గుండు తెచ్చిన ద్రవ్యవేగమంతయు ఇప్పుడు అతనికి చెందినది. 2.88ను 60తో భాగించినచో 0.048 వచ్చును. అనగా అతనికి వెనుకకు కలుగు వేగము సెకనుకు 5 సెంటీమీటర్లయినను లేదు. మామూలుగా నడచు మనిషి సెకనుకు ఒక మీటరుకు పైగా పోవును. అట్టిచో ఎగిరిపడుట ఎక్కడిది?

దీనిని క్రికెట్ బంతితో పోల్చిన ఇంకను స్పష్టమగును. బంతి ద్రవ్యరాశి సుమారు 160 గ్రాములు. వేగముగా వేయు బౌలరు చేతినుండి అది గంటకు 130 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 36 మీటర్ల వేగముతో వచ్చును. దాని ద్రవ్యవేగము 5.76. అది పిస్తోలు గుండుకు సరిగా రెండింతలు! ఆ బంతిని పట్టిన వికెట్ కీపరు గాలిలో ఎగిరిపోవుట ఎవరును చూడలేదు.

న్యూటన్ మూడవ గమన సూత్రము ఇక్కడ మరియొక సాక్ష్యము చెప్పును. గుండు ఎంత ద్రవ్యవేగముతో ముందునకు పోవునో, పిస్తోలు అంత ద్రవ్యవేగముతో వెనుకకు తన్నును. కాబట్టి గుండు తగిలినవానిని ఎగురవేయగలిగినచో, పేల్చినవానిని కూడ అంత దూరము ఎగురవేయవలెను. సినిమాలో వెనుకకు ఎగురునది గుండు కాదు, తీగ. నటుని దుస్తుల లోపల పట్టీ కట్టి, కంటికి కనబడని తీగతో అతనిని వెనుకకు లాగుదురు.

ఇక్కడ విద్యార్థికి ఒక సందేహము రావలెను. బంతికంటె తక్కువ ద్రవ్యవేగము గల గుండు ప్రాణము తీయుటేమి, బంతి తీయకపోవుటేమి? దీనికి జవాబు గతిజశక్తిలో ఉన్నది. ద్రవ్యవేగములో వేగమును ఒక్కమారే హెచ్చింతుము. గతిజశక్తిలో వేగమును వేగముతోనే హెచ్చించి, ద్రవ్యరాశిలో సగముతో మరల హెచ్చింతుము. కనుక వేగము ఎక్కువైనకొలది శక్తి అతిగా పెరుగును. ఈ లెక్కన గుండు గతిజశక్తి సుమారు 518 జౌళ్ళు. బంతిది సుమారు 104 జౌళ్ళు. 900 గ్రాముల పిస్తోలు వెనుకకు తన్నునపుడు దానికి కలుగు శక్తి 5 జౌళ్ళకు లోపే. పేల్చువాని అరచేతికి తగులు దెబ్బకును, ఎదుటివాని శరీరమునకు తగులు దెబ్బకును ద్రవ్యవేగము సమానమే. శక్తిలో మాత్రము నూరింతలకు పైగా భేదమున్నది. పైగా ఆ శక్తియంతయు వ్రేలిగోరంత చోట కేంద్రీకరించును. అందుచేతనే గుండు మనిషిని త్రోయదు, చీల్చును.

"భుజానికే తగిలింది, ఫరవాలేదు"

ఎగిరిపడుట ఎంత కల్పనయో, గాయమును చులకనగా చూపుట కూడ అంతే కల్పన. వాస్తవములో గుండు తగిలిన మనిషి ఏమగునో ముందుగా చెప్పుట కష్టము. అమెరికాకు పూర్వము అధ్యక్షుడుగా ఉండిన థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను 1912 అక్టోబరు 14న మిల్వాకీ నగరములో ఒకడు రివాల్వరుతో రొమ్ముపై కాల్చెను. జేబులోని లోహపు కళ్ళజోడు పెట్టెను, మడిచి పెట్టుకొనిన ఉపన్యాసపు కాగితముల కట్టను దాటి గుండు రొమ్ము కండరములో నిలిచినది. రూజ్‌వెల్ట్ క్రింద పడలేదు. గంటకు పైగా ఉపన్యసించిన తరువాతనే ఆసుపత్రికి వెళ్ళెను. 1981 మార్చి 30న అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్‌కు చిన్న గుండు ఒకటి తగిలెను. తనను కారులోనికి నెట్టినపుడు ప్రక్కటెముక విరిగినదని మాత్రమే ఆయన తలచెను. ఆసుపత్రికి నడచి వెళ్ళి అక్కడ కూలిపోయెను. ఆయన శరీరములోని రక్తము సగమునకు పైగా పోయినది.

వీరిద్దరును బ్రతికిరి. అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ అట్లు బ్రతుకలేదు. ఆయనను 1881 జూలై 2న కాల్చిరి. గుండు ప్రధానమైన అవయవములను తప్పించుకొనినది. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ విద్యుత్ సాధనము ఒకదానితో ఆ గుండును వెదకెను గాని అది దొరకలేదు. కడుగని చేతులతోను, శుద్ధిచేయని పరికరములతోను వైద్యులు గాయమును పలుమారులు కెలికిరి. గాయము చీముపట్టి, 79 దినములు బాధపడి, సెప్టెంబరు 19న ఆయన మరణించెను.

సినిమాలో నాయకునికి గుండు తగులు చోటు సాధారణముగా భుజమే. రుమాలు కట్టుకొని అతడు మరల పోరాడును. కాని భుజము ఒట్టి కండ కాదు. చేతికి పోవు పెద్ద ధమని, నరముల కట్ట, ఎముకల కీలు అన్నియు అక్కడనే ఉన్నవి. ధమని తెగినచో కొద్ది నిమిషములలో రక్తస్రావముచేత ప్రాణము పోవచ్చును. నరములు తెగినచో చేయి జీవితాంతము పనిచేయక పోవచ్చును.

సైలెన్సరు నిశ్శబ్దము చేయునా?

గూఢచారి పిస్తోలు కొనకు ఒక గొట్టము బిగించి పేల్చును. "తుస్సు" మను చప్పుడు మాత్రమే వినిపించును. ప్రక్క గదిలోనివారికి నిద్రాభంగము కూడ కాదు. ఈ గొట్టమును హైరామ్ పెర్సీ మాక్సిమ్ అను అమెరికా వాసి 1909లో పేటెంటు చేసెను. గొట్టములోని చిన్న చిన్న అరలలో వేడి వాయువు వ్యాకోచించి, చల్లబడి, మెల్లగా బయటకు వచ్చును. సూత్రము నిజమే, ఫలితమునే సినిమా పెంచి చూపుచున్నది.

పిస్తోలు ధ్వని, పేల్చువాని చెవివద్ద సుమారు 160 డెసిబెళ్ళు. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ళు. మంచి సైలెన్సరు సుమారు 30 డెసిబెళ్ళు తగ్గించును. డెసిబెల్ కొలతలో 30 తగ్గుటయనగా ధ్వని తీవ్రత వెయ్యవవంతునకు దిగుట. అది సామాన్యమైన విషయము కాదు. అయినను మిగిలిన 130 డెసిబెళ్ళు రోడ్డు పగులగొట్టు యంత్రపు మ్రోతకంటె ఎక్కువే.

ఇంతేకాక, 20 డిగ్రీల సెంటీగ్రేడువద్ద గాలిలో ధ్వని వేగము సెకనుకు 343 మీటర్లు. మన గుండు వేగము 360. ధ్వనిని మించి పోవునది ఏదైనను దారి పొడవునను కొరడా విసరినట్టి చప్పుడు చేయును. గొట్టము విడిచిన తరువాత పుట్టు ఈ చప్పుడును ఏ సైలెన్సరును ఆపలేదు. ఇక రివాల్వరుకు సైలెన్సరు తగిలించుట మరియొక వింత. దిమ్మెకును గొట్టమునకును నడుమ ఉండు సందునుండి వాయువు ముందే బయటపడును. ఆ సందును మూసివేయు ఏర్పాటు గల రివాల్వర్లు బహు అరుదు. తక్కినవానికి సైలెన్సరు కట్టుట కుండకు అడుగున చిల్లి ఉంచి పైన మూత బిగించుటవంటిది.

సైలెన్సరు లేకుండ మూసిన గదిలో నాలుగు మారులు పేల్చి, వెంటనే గుసగుసలాడుకొను పాత్రలను చూచినపుడు మనము ఆలోచింపవలెను. వాస్తవముగా వారి చెవులలో గంటలు మ్రోగుచుండును. లోపలి చెవియందు నత్తగుల్లవలె చుట్టుకొనిన కర్ణావర్తములో సన్నని రోమకణములున్నవి. మనము వినుట వీనిచేతనే. పెద్ద ధ్వనికి ఇవి చచ్చినచో మనిషికి తిరిగి మొలవవు. అందుచేతనే గురి అభ్యసించువారు చెవులకు కప్పు లేకుండ తుపాకి పేల్చరు.

గురి యొక్క రేఖాగణితము

పిస్తోలు పైన ముందొకటి, వెనుక ఒకటి గురి గుర్తులుండును. కన్ను, వెనుక గుర్తు, ముందు గుర్తు, లక్ష్యము ఒకే సరళరేఖపైకి రావలెను. రెండు గుర్తుల నడుమ దూరము 15 సెంటీమీటర్లనుకొనుడు. ముందు గుర్తు ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో, సరూప త్రిభుజముల లెక్క ప్రకారము, 20 మీటర్ల దూరమున గుండు సుమారు 13 సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. చేయి మిల్లీమీటరు వణకినందుకు ఇంత ఫలము! ఇక పరుగెత్తుచు, గుఱ్ఱముపైనుండి, గాలిలో దూకుచు, పిస్తోలును ప్రక్కకు పరుండబెట్టి పట్టుకొని పేల్చువాని గురి ఎట్లుండునో ఊహింపవచ్చును. రెండు చేతులతో రెండు పిస్తోళ్ళు పేల్చుట 1980 తరువాత హాంకాంగ్ చిత్రముల వలన బాగుగా వ్యాపించినది. మనిషి చూపు ఒకేసారి రెండు వరుసల గుర్తులపై నిలువదు.

నిజమైన గురి ఎట్లుండునో తెలిసికొనవలెనన్న క్రీడాకారులను చూడవలెను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీలో జట్టుతో స్వర్ణపతకమును, వ్యక్తిగతముగా రజతపతకమును గెలిచెను. అట్టి పోటీలలో కదలిక అన్నది కనిపించదు. కాళ్ళు నేలలో నాటినట్లుండును. ఊపిరి నిలుపుదురు. మీటను మెల్లగా నొక్కుదురు. సినిమాకు ఇది చప్పగా తోచును గాని, విద్య యనగా ఇదియే.

నిప్పురవ్వలు, పేలు కార్లు

గుండు ఎక్కడ తగిలినను తెరపై నిప్పురవ్వలు రాలును. పిస్తోలు గుండు సీసముతో చేసి, సాధారణముగా రాగి తొడుగు వేసినది. ఈ రెండు లోహములును ఉక్కువలె రవ్వలు చిమ్మవు. సినిమాలో అవి ముందుగా అమర్చిన చిన్న మందుపొట్లములు. పెట్రోలు టాంకికి గుండు తగులగానే కారు పేలుట కూడ అట్టిదే. పెట్రోలు ద్రవముగా మండదు. దాని ఆవిరి గాలిలో సుమారు 1.4 నుండి 7.6 శాతము వరకు కలిసినపుడే అంటుకొనును. నిండు టాంకిలో అంత గాలి ఉండదు. మామూలు గుండు టాంకికి చిల్లి పెట్టును, పెట్రోలు కారును, అంతే. కాని నాయకుడు చాటుచేసికొను కారు తలుపు, చెక్క బల్ల మాత్రము అతనిని కాపాడవు. పిస్తోలు గుండు పలుచని రేకును, చెక్కను తొలుచుకొని పోగలదు.

ఆకాశమునకు పేల్చిన గుండు ఏమగును?

జనమును చెదరగొట్టుటకో, పెండ్లి సంబరమునకో తెరపై తుపాకిని ఆకాశమునకు పేల్చుదురు. ఆ గుండు సంగతి మరల ఎవరును తలపరు. కాని పైకి పోయినది క్రిందికి రాక తప్పదు. మొదటి ప్రపంచయుద్ధము తరువాత అమెరికా సైన్యాధికారి జూలియన్ హాచర్ ఫ్లోరిడాలో ఈ విషయమై ప్రయోగములు చేసెను. నిట్టనిలువుగా పేల్చిన రైఫిలు గుండు గాలి నిరోధమువలన సెకనుకు సుమారు 90 మీటర్ల వేగముతో దిగివచ్చునని తేలినది. అది గంటకు 324 కిలోమీటర్లు. ఏటవాలుగా పేల్చినదానికి ఇంకను ఎక్కువ వేగము మిగిలియుండును. తల చీల్చుటకు అది చాలును. ఇట్టి సంబరపు కాల్పులవలన మన దేశములో ప్రాణములు పోవుచున్నందున, 2019లో సవరించిన ఆయుధ చట్టము ఇతరుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు వేడుకకు తుపాకి పేల్చుటను నేరముగా పేర్కొనినది. శిక్ష రెండేండ్ల వరకు ఖైదు, లేక లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును.

నటనలో నిజమైన మరణములు

సినిమావారే తమ కల్పనకు బలియైన సందర్భములున్నవి. చిత్రీకరణలో వాడు బ్లాంకు తూటాలో గుండు ఉండదు, మందు ఉండును. గుండు లేనిది ఏమి చేయునని అనుకొనుట పొరపాటు. మండిన వాయువు గొట్టము కొనవద్ద మిక్కిలి ఒత్తిడితో వెలువడును. 1984 అక్టోబరులో జాన్ ఎరిక్ హెక్సమ్ అను యువనటుడు చిత్రీకరణ విరామములో అట్టి రివాల్వరును ఆటకు కణతకు ఆనించి మీట నొక్కెను. వాయువు దెబ్బకు పుర్రె ఎముక విరిగి మెదడులోనికి దిగినది. ఆరు దినములకు అతడు మరణించెను.

1993 మార్చి 31న "ది క్రో" అను చిత్రము తీయుచుండగా 28 ఏండ్ల బ్రాండన్ లీ మరణించెను. అతడు ప్రఖ్యాత నటుడు బ్రూస్ లీ కుమారుడు. అంతకుముందు ఒక దృశ్యమునకు, చూచుటకు మాత్రమే పనికివచ్చు మందులేని తూటాలను ఆ రివాల్వరులో పెట్టిరి. వానిలో ఒకదాని అడుగు గిన్నెలో రసాయనము మిగిలియుండి, గుండు గొట్టములోనికి జరిగి ఇరుకుకొనినది. ఎవరును గొట్టమును పరీక్షింపలేదు. తరువాత బ్లాంకు తూటా పేల్చగానే ఆ వాయువు ఇరుకుకొనిన గుండును త్రోసినది. 2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో "రస్ట్" చిత్రపు సన్నాహములో నిజమైన తూటా ఒకటి నటుని చేతిలోని రివాల్వరులోనికి వచ్చినది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణము పోయినది, దర్శకుడు గాయపడెను. ఆయుధముల బాధ్యత వహించిన ఉద్యోగినికి 2024లో న్యాయస్థానము శిక్ష విధించెను.

మూడు సంఘటనలలోను కారణము ఒక్కటే. చేతిలోని తుపాకివలన అపాయము లేదని నమ్మిరి. అందుకే తుపాకి శిక్షణలో మొదటి సూత్రము, ప్రతి తుపాకిలోను తూటా ఉన్నట్లే భావింపుమని చెప్పును. కాల్పదలచని దానివైపు గొట్టమును త్రిప్పరాదు. గురి కుదురువరకు వ్రేలిని మీటపై ఉంచరాదు. లక్ష్యమునే కాక దాని వెనుక ఏమున్నదో కూడ తెలిసియుండవలెను. సినిమాలోని పాత్రలు ఈ నాలుగింటిని ప్రతి దృశ్యములోను మీరుచుందురు. వ్రేలు మీటపైననే ఉండును. స్నేహితుని ముఖమువైపు పిస్తోలు చూపి నవ్వుకొందురు.

కథకు కల్పన అవసరమే. సినిమా చూచుట మానవలసిన పనిలేదు. కాని ఏదైన తుపాకి కంటబడినచో పిల్లలు దానిని ముట్టక, వెంటనే పెద్దలకు చెప్పవలెను. ఇక ఉపాధ్యాయులు ద్రవ్యవేగ నిత్యత్వమును బోధించునపుడు పిల్లలు ఎరిగిన ఒక పోరాట దృశ్యమును తీసికొని, గుండు ద్రవ్యవేగమును, మనిషి వేగమును వారిచేతనే లెక్క కట్టింపవచ్చును. సెకనుకు 5 సెంటీమీటర్లను ఆ జవాబు పలకపై కనబడిననాడు, వెండితెరపై ఎగిరిపడు ప్రతినాయకుని నడుమునకు కట్టిన తీగ ఆ పిల్లలకు తానే కనబడును.